ఏ మందు?

సీసా మీద ఏది రాసి ఉంటే సీసాలో అదే ఉంటుందని చదువుకున్నవాళ్లందరూ నమ్ముతారు. చదువు రానివాళ్లు మూత తీసి వాసన చూస్తారు. ఈ రెండు పద్ధతులూ పనికిరావని ఆమెకు ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్పారు. పురపాలక సంఘం వారి ప్రమాదకర గృహ వ్యర్థాల సేకరణ కేంద్రంలో, రేకుల షెడ్డు కింద, పొడవాటి బల్ల వెనక నిలబడి, ఇళ్ల నుంచి వచ్చే రంగు డబ్బాలనూ యాసిడ్ సీసాలనూ బ్యాటరీలనూ కాలం చెల్లిన మందులనూ వేరుచేయడం ఆమె పని. వాసన చూడకూడదు. చీటీని నమ్మకూడదు. తెచ్చినవాళ్లను మూడు ప్రశ్నలు అడగాలి. ఏమిటిది? దేనికి వాడారు? మొదట్నుంచీ ఇందులోనే ఉందా, వేరేదాన్లోంచి పోశారా? జవాబులు రిజిస్టరులో రాసి, పక్కన సంతకం పెట్టించుకున్న తరవాతే వస్తువు మీద చెయ్యి వెయ్యాలి.

ఆరేళ్లుగా ఆమె ఈ మూడింటినీ ఎవరికీ మినహాయించలేదు. తొందరలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు, పెద్ద కార్లలో వచ్చినవాళ్లు కళ్లెర్రజేశారు, ఒకాయన "నేనేమన్నా దొంగనా?" అని నిలదీశాడు కూడా. "కాదండీ. దేనికి వాడారు?" అని ఆమె మళ్లీ అడిగింది. మూడుప్రశ్నలావిడ అనే పేరు అలా స్థిరపడింది. ఆ పేరు పెట్టింది తనేనని వ్యర్థాలు నింపే డ్రమ్ముల దగ్గర పనిచేసే ఆమె అక్క మొగుడు చెప్పుకుంటాడు.

"పుట్టిన పసిగుడ్డును చూడ్డానికి పోయినా సరే, మా మరదలు వాళ్లమ్మను పక్కకి పిలిచి, మొదట్నుంచీ ఇందులోనే ఉందా అని అడుగుతుంది" అని అతను అందరి ముందూ అంటాడు.

"నిన్ను చూసిన రోజున మా అక్కని అడగమని చెప్పాల్సింది బావా, దేనికి వాడతారని" అని ఆమె అంటించేది.

ఆ సోమవారం వరుసలో పదకొండో మనిషి ఒక నడివయసు ఇల్లాలు. అట్టపెట్టెను బల్ల మీద పెట్టింది గాని, దాని అంచును వదల్లేదు.

"ఏమిటమ్మా ఇవి?"

"మందులండీ. మా మామగారివి."

"దేనికి..."

"పోయి నెలయింది. గది సర్దుతుంటే ఇవన్నీ బయటపడ్డాయి. చెత్తబుట్టలో పడెయ్యడానికి చేతులు రాలేదు. ఇక్కడిస్తే పద్ధతిగా పారేస్తారని విన్నాను." ఆవిడ గొంతు జీరబోయింది.

రెండో ప్రశ్న ఆమె నోట్లో సగంలోనే ఆగిపోయింది. చనిపోయిన మనిషి మందుల పెట్టె పట్టుకుని నిలబడ్డ కోడల్ని, ఆయన ఏ జబ్బుతో బాధపడ్డాడో చెప్పమని అడగడం మర్యాద అనిపించలేదు. మందు అన్నాక మూడో ప్రశ్నకు తావే కనిపించలేదు. వెనక తొమ్మిదిమంది ఉన్నారు. 'మందులు, పెట్టె ఒకటి' అని రాసింది. ఆవిడ సంతకం పెట్టి, పెట్టె అంచును అప్పుడు వదిలింది.

పెట్టెలో మాత్రల అట్టలు, లేపనం గొట్టాలు, కంటి చుక్కల సీసాలు ఉన్నాయి. అడుగున దగ్గుమందు సీసాలాంటి గోధుమరంగు సీసా ఒకటి. దాని అచ్చు చీటీని నీళ్లతో నానబెట్టి తీసేసి, గీతల కాగితం ముక్క అంటించారు. ముత్యాల్లాంటి అక్షరాలు. 'మందు. వారమునకొకసారి. అయిదు చుక్కలు. పిల్లలకు అందకుండా ఉంచవలెను.' ఇంత శ్రద్ధగల మనుషులు నలుగురుంటే తమ పని సగం తగ్గేదనుకుంటూ సీసాను మందుల వరుసలోకి జరిపింది.

మాత్రలు అట్టలతో సహా నీలం డ్రమ్ములోకి వెళతాయి. ద్రవాలను మాత్రం డ్రమ్ములోని రంపపు పొట్టు మీద ఒంపి, సీసాలను విడిగా పెట్టాలి. ఒంపడం బావ పని. కుడిచేతి తొడుగు చూపుడువేలి దగ్గర చిరిగింది. కొత్త జత కోసం అర్జీ పెట్టి ఏడు వారాలైంది. వేలికి ప్లాస్టిక్ సంచి ముక్క చుట్టి, రబ్బరు బ్యాండు బిగించుకున్నాడు.

"వేలికి ఉంగరం తొడిగినట్టు లేదూ?"

"అక్కతో చెబుతానుండు. ఎవరు తొడిగారో అది తేలుస్తుంది."

అతను నవ్వుతూనే గోధుమరంగు సీసా మూత తిప్పబోయాడు. రాలేదు. డ్రమ్ము అంచుకు వేసి రెండుసార్లు తట్టాడు. మూడోసారి మూతకు బదులు సీసా మెడ ఊడింది. లోపలిది తొడుగులోకి, మణికట్టు మీదుగా మోచేతికి, అక్కణ్నుంచి చొక్కా ముందుభాగమంతా జారింది.

"ముందు పోయి కడుక్కో బావా."

"దగ్గుమందే కదే. ఒంటికి దగ్గొస్తుందా ఏం?"

గుడ్డతో తుడుచుకుని, ఆ గుడ్డను భుజాన వేసుకుని, మిగిలిన ఏడు సీసాలూ ఒంపాడు.

అరగంట తరవాత బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. చెమట చుక్కలు చుక్కలుగా గాక ధారగా కారుతోంది. నోటి చివర్నుంచి చొంగ జారుతుంటే తుడుచుకోవడం లేదు. "దీపాలెందుకు తీసేశావే? ఏమీ కనబడ్డం లేదు" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది. మిట్టమధ్యాహ్నం. షెడ్డులో దీపాలు వెలిగించే అవసరం ఏనాడూ లేదు.

ఆమె దగ్గరికి వెళ్లి, ముఖానికి కట్టుకున్న ముసుగు కిందికి లాగి, అతని భుజం మీది గుడ్డను వాసన చూసింది. ఆరేళ్లలో అదే మొదటిసారి. కిరసనాయిలులాంటి ఘాటు నసాళానికి అంటింది. కత్తెర తెచ్చి చొక్కా నిలువునా కత్తిరించింది. నీళ్ల గొట్టం విప్పి అతని ఛాతీ మీద, చేతుల మీద ధార పెట్టింది. అతను తూలిపోతుంటే కాపలావాడు వెనకనుంచి పట్టుకున్నాడు. పట్టుకుంటూనే రెండో చేత్తో సూపర్‌వైజరుకు ఫోను చేశాడు.

"సార్, మన డ్రమ్ములాయన మందుకి పడిపోయాడు సార్. మాట కూడా రావట్లేదు. అవున్సార్, మందే."

ఆమె అంబులెన్సులో కూర్చుని అక్కకు ఫోను చేసింది. "అక్కా, బావకి మందెక్కిందే. పెద్దాసుపత్రికి తీసుకుపోతున్నాం, వెంటనే రా."

అవతల్నుంచి అక్క ఫోను పెట్టేసింది.

అక్క గంట తరవాత వచ్చింది. మంచం పక్కన నిలబడి, అతని కళ్లలోకి గాని, ఊపిరాడక ఎగిసిపడుతున్న ఛాతీ వైపు గాని చూడలేదు. వంగి, అతని నోటి దగ్గర ముక్కు పెట్టి, మూడుసార్లు గాలి పీల్చింది. చాలాకాలం ప్రతి సాయంత్రం గుమ్మం దగ్గర చేసి చేసి అలవాటైన పని అది. నాలుగేళ్లుగా మానేసింది. తరవాత నడుం నిలబెట్టి, చేతిసంచి రెండో భుజానికి మార్చుకుంది.

"వాసన రాకుండా ఏదో నమిలాడు."

"తాగలేదే అక్కా. మందు ఒంటి మీద పడింది."

"ఎక్కిందని నువ్వేగా చెప్పావు ఫోన్లో."

"ఆ మందు కాదే!"

"మరి ఏ మందు?"

ఏ మందో ఆమెకు తెలియదు. ఉదయం బల్ల దగ్గర తను అడగవలసిన మాట అది.

డాక్టరమ్మ కూడా అదే అడిగింది. బావ కనురెప్పలెత్తి టార్చి వేసి, "పాపలు సూదిమొనంత అయిపోయాయి. ఏం పడింది ఈయన మీద?" అంది.

"మందండీ."

"ఏ మందు?"

ఆమె సంచిలో చుట్టి తెచ్చిన సీసా ముక్కను చూపించింది. డాక్టరమ్మ చీటీని ఒకసారి చదివి, సంచి మూతి వెంటనే ముడివేసి, దూరంగా పెట్టమని నర్సుకిచ్చింది. "ఇది మనుషులకి వేసే మందు కాదు. పురుగుల మందులా ఉంది. రక్తం పరీక్షకి పంపిస్తాను. వైద్యం మాత్రం ఇప్పుడే మొదలుపెడుతున్నాం. రెండ్రోజులు ఏమీ చెప్పలేను."

అక్క ఆ మాటలన్నీ విన్నది. విని, తాగిన మత్తులోనే మీద పోసుకుని ఉంటాడనుకుని, గోడవారగా ఉన్న బల్ల మీద మంచానికి వీపు తిప్పి కూర్చుంది.

మంగళవారం ఉదయం సూపర్‌వైజరు ఆమెను గదిలోకి పిలిచి నివేదిక నకలు చూపించాడు. ప్రమాద నివేదిక అదే రోజు ప్రధాన కార్యాలయానికి చేరాలన్నది నిబంధన. ఆయన నిబంధన తప్పే మనిషి కాదు. సోమవారం సాయంత్రం నాలుగింటికే పంపించాడు.

'సదరు కార్మికుడు విధినిర్వహణ సమయమున మద్యం సేవించి, తూలి, డ్రమ్ముపై పడి, సీసా పగిలి, స్పృహ కోల్పోయినట్లు తెలియవచ్చినది.'

ఆమె చూపు వాక్యం మొదట్లోనే ఒక మాట దగ్గర ఆగిపోయింది.

"మద్యం అని ఎవరు చెప్పారండీ?"

"కాపలావాడు మందు అన్నాడు. కార్యాలయం కాగితంలో మందు అని రాస్తే బాగుంటుందా? సరైన మాట రాశాను."

"సీసాలోది పడిందండీ బావ మీద. చూసినదాన్ని నేను."

"నాలుగేళ్ల కిందట ఇతన్ని నిలబడలేని స్థితిలో రెండుసార్లు ఇంటికి పంపింది నేను కాదూ?"

"అది నాలుగేళ్ల మాట."

"చూడమ్మా." ఆయన గొంతు తగ్గించాడు. ఆ తగ్గించడంలో నిజంగానే కొంత జాలి ఉంది. "ఇది ఇలా ఉంటే అతని ఉద్యోగం పోతుంది, ప్రమాద సహాయం రాదు. నిజమే. కాని పురుగుల మందు అని తేలిందనుకో, అది మందుల వరుసలోకి ఎలా వచ్చిందని అడుగుతారు. బల్ల దగ్గర ఉన్నదెవరు? ఒక ఇంట్లో రెండు ఉద్యోగాలు పోవడం కంటే..."

ఆమె నకలును బల్ల మీద పెట్టి, దాని మీద ఆయన పేపర్‌వెయిట్ జాగ్రత్తగా ఉంచి బయటికి వచ్చింది. ఆ రోజంతా మూడు ప్రశ్నలూ అందర్నీ అడిగింది. ఒక ముసలాయన తెచ్చిన రెండు బ్యాటరీల గురించి కూడా, వేరేదాన్లోంచి పోశారా అని అడిగింది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

బుధవారం రిజిస్టరులోని చిరునామా పట్టుకుని ఆ ఇంటికి వెళ్లింది. మేడ మీది వాటా. తలుపు పక్కన వరండాలో పద్దెనిమిది గులాబీ కుండీలున్నాయి. నెలరోజులుగా ఎవరూ కత్తిరించక కొమ్మలు ఇష్టం వచ్చినట్టు పెరిగాయి. ప్రతి కుండీలోనూ ఒక చెక్కముక్క గుచ్చి ఉంది. దాని మీద అవే ముత్యాల అక్షరాలు. 'నీరు: ప్రతిదినము. ఎరువు: మాసమునకొకసారి. మందు: వారమునకొకసారి, అయిదు చుక్కలు.'

ఆమె చెక్కముక్క ముందు కూర్చుని చివరి మాటలు రెండోసారి చదివింది. తలుపు తీసిన ఇల్లాలు కూడా ఆమె భుజం మీదుగా ఆ అక్షరాలు చదివింది. చదివి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో. మొక్కల మందా అది?"

"మా బావ ఆసుపత్రిలో ఉన్నాడమ్మా. గొట్టం పెట్టి ఊపిరి ఆడిస్తున్నారు. సీసాలో మొక్కల మందు ఉండేదని మీరొక్క ముక్క రాసిస్తే చాలు."

ఇల్లాలు లోపలికి చూసింది. లోపల్నుంచి ఆవిడ భర్త వచ్చాడు. మర్యాదగల మనిషి. కూర్చోమన్నాడు, మంచినీళ్లు తెప్పించాడు, జరిగినదంతా విన్నాడు. విన్నాక మెల్లగా అన్నాడు.

"మా ఆవిడ ఏమని చెప్పింది? మందు అని. సీసా మీద ఏముంది? మందు అని. మీరు ఏమని రాసుకున్నారు? మందులని. ఇందులో మేం అబద్ధం చెప్పింది ఎక్కడో మీరే చెప్పండి."

"అబద్ధమని నేననలేదండీ."

"తప్పు వివరాలిచ్చిన ఇంటివాళ్ల మీద చర్య ఉంటుందని మీ రసీదు వెనక అచ్చువేసి ఉంది. చదివాను. మీరు ఏ మందు అని అడిగి ఉంటే, ఇంటికొచ్చి కనుక్కుని చెప్పేవాళ్లం. అడిగారా?"

"లేదు."

"మరి?"

ఆమె తర్కాన్ని గౌరవించే మనిషి. ఆయన తర్కంలో వేలు పెట్టడానికి సందు దొరకలేదు. మెట్లు దిగుతుంటే వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. ఇల్లాలు చెక్కముక్క ఒకటి ఆమె చేతిలో పెట్టింది. మట్టి ఇంకా తడిగానే ఉంది.

"నేనిచ్చానని చెప్పకండి" అని, సమాధానం కోసం ఆగకుండా పైకి వెళ్లిపోయింది.

గురువారం ప్రధాన కార్యాలయంలో రికార్డు గుమాస్తా ముందు ఆమె మూడు వస్తువులు పెట్టింది. చెక్కముక్క, సీసా చీటీకి తీసిన ఫొటో, డాక్టరమ్మ ఇచ్చిన కాగితం. రక్తపరీక్ష వచ్చింది. 'పురుగుల మందు విషప్రభావం' అని మాత్రమే రాసి ఉంది అందులో. పదవీ విరమణకు దగ్గరపడ్డ గుమాస్తా కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, మూడింటినీ ఒక్కొక్కటిగా చూసి, కాగితాన్ని మాత్రం రెండుసార్లు చదివాడు.

"నిజమేనమ్మా. మనిషి తాగలేదు. కాని నివేదిక నమోదైపోయింది. కొట్టేసి కొత్తది రాయడానికి ఎవరికీ అధికారం లేదు. సవరణ ఇవ్వచ్చు. ఫలానా మాటకి బదులు ఫలానా మాట చదువుకోవాలి అని."

"అది చాలండీ."

"చాలదు. మందుల వరుసలోకి పురుగుల మందు ఎలా వచ్చిందో ఎవరో ఒకరు రాసివ్వాలి. కారణం లేని సవరణ మీద పైవాళ్లు సంతకం పెట్టరు."

ఆమె కాగితం అడిగి తీసుకుని, అక్కడే నిలబడి రాసింది. 'తెచ్చిన వారిని నేను మొదటి ప్రశ్న మాత్రమే అడిగితిని. రెండవదియు మూడవదియు అడగలేదు.' అంతే. చనిపోయినాయన గురించి గాని, కోడలి గొంతు జీరబోవడం గురించి గాని, వెనకనున్న తొమ్మిదిమంది గురించి గాని రాయలేదు. అవి కారణాలే గాని, మూడు ప్రశ్నల్లో ఏ ఒక్కదానికీ జవాబులు కావు.

"చూసి రాయమ్మా. ఇది నీ మెడకి చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీండి."

గుమాస్తా ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, నివేదిక దస్త్రం ఆమె వైపు తిప్పాడు. సవరణ నమూనా పత్రం తీశాడు. కలం మూత ఊడదీశాడు.

"ఏ మాట తప్పో నువ్వే చూపించు. తరవాత నన్ననకూడదు."

ఆమె వేలు పెట్టింది. "మద్యం."

"బదులుగా?"

"పురుగుల మందు."

"ఇంకేమైనా మార్చాలా?"

ఆమె మళ్లీ చూసింది. మూడు రోజులుగా కళ్లు మూసినా తెరిచినా కనిపిస్తున్న ఆ ఒక్క మాట మీదనుంచి వేలు తీయకుండానే చూసింది.

"లేదండీ. అదొక్కటే."

శుక్రవారం బావ గొంతులోంచి గొట్టం తీశారు. మొదట మాట్లాడిన మాట "దగ్గొస్తోందే" అన్నది. ఆమె నవ్వబోయి, నవ్వలేక, దిండు సర్దింది. చెక్కముక్క సంగతి, ఇంటాయన తర్కం, తను రాసిచ్చినది, అన్నీ అక్కకు వరసగా చెప్పింది. అక్క మంచం వైపు తిరిగి కూర్చుంది. అతని మణికట్టు పట్టుకుంది. మందు జారిన చోట చర్మం ఎర్రగా కమిలి ఉంది.

"ఎంత మాటన్నానే ఈయన్ని. తెలివి లేకుండా పడున్న మనిషి మూతి వాసన చూశాను."

"నేను ఫోన్లో సరిగ్గా చెప్పలేదక్కా."

"నువ్వు చెప్పినా నమ్మేదాన్ని కాదు. మా వాటాల్లో అందరికీ తెలిసిపోయింది, మళ్లీ మొదలెట్టాడని. పైకి అయ్యో అంటారు, వెనక్కి తిరిగి కిసుక్కుమంటారు. ఆ కాగితం రానీ. తాగాడన్న నోళ్లతోనే చదివిస్తాను."

"వస్తుంది. సంతకానికి పెట్టానన్నాడు గుమాస్తా."

"నీ ఉద్యోగం?"

"చూద్దాం."

"ఏమిటి చూసేది? ఉండదుగా?"

"ఉండదు."

అక్క డబ్బాలోంచి కొంచెం గంజి గ్లాసులో పోసి, ముందు చెల్లెలికి ఇచ్చింది.

సవరణ మరుసటి మంగళవారం వచ్చింది. రెండు ప్రతులు వచ్చాయి, ఒకటి ఆసుపత్రికి, ఒకటి కార్మికుడి పేరిట. అక్కే కవరు చించింది. పక్క మంచం వాళ్లకు కూడా వినబడేట్టు గొంతు సవరించుకుని చదివింది.

'నివేదిక మొదటి పంక్తియందు మద్యం అను పదమునకు బదులుగా పురుగుల మందు అని చదువుకొనవలెను. మిగిలిన భాగమున మార్పు లేదు.'

"రాసేశారు! చూశావుటే, రాసేశారు!" అని ఆమె భుజం మీద చరిచింది. కిందనే సవరించిన వాక్యం పూర్తిగా టైపుచేసి ఉంది. అక్క అదే గొంతుతో దాన్నీ అందుకుంది. "సదరు కార్మికుడు విధినిర్వహణ సమయమున పురుగుల మందు సేవించి, తూలి..."

అక్కడ ఆగింది. పెదవులు మాత్రం కదిలాయి. మొదట్నుంచీ మళ్లీ చదువుకుంది.

"ఏం రాశారే?" అన్నాడు బావ.

పక్క మంచం మనిషికి తోడుగా వచ్చిన ముసలావిడ తల తిప్పి బావను పైనుంచి కిందికి చూసి, "పిల్లలుగల మనిషివి, నీకేం కష్టమొచ్చింది నాయనా?" అంది.

అక్క కాగితాన్ని చెల్లెలి ఒళ్లో పెట్టింది. "ఇదెవరికి చూపించనే?"

ఆమె అదే రోజు ప్రధాన కార్యాలయానికి వెళ్లింది. గుమాస్తా దస్త్రం తెచ్చి, ఆమె రాసిచ్చిన కాగితమూ, ఆమె వేలు పెట్టి చూపిన మాటా, ఇంకేమైనా మార్చాలా అన్న ప్రశ్నకు 'లేదు' అని తను నమోదు చేసుకున్న గడీ చూపించాడు. ఒకసారి సవరించిన పంక్తిని మళ్లీ సవరించడానికి తమ దగ్గర నమూనా పత్రం లేదని చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆమె వైపు చూడలేదు.

నెలాఖరుకు ఉత్తర్వులు వచ్చాయి. కార్మికుడి ప్రమాద సహాయం దరఖాస్తును తిరస్కరించారు. కారణం: స్వయముగా విషము సేవించుట. బల్ల దగ్గరి ఉద్యోగినిని విధులనుంచి తొలగించారు. కారణం: రెండవ, మూడవ ప్రశ్నలు అడగకపోవుట. బల్ల దగ్గర కొత్త మనిషిని నియమించారు. ప్రశ్నలు మూడే ఉంచారు.